కింద కత్తిరించే ముందు భుజం చూడండి: పొట్టివాళ్ల బట్టల సమస్యలు, పరిష్కారాలు

నా ఎత్తు 4 అడుగుల 10 అంగుళాలు. మా ఇంట్లో ఆడవాళ్లందరం ఇంచుమించు అంతే. అందుకని బట్టలు సరిచేసే పని ఎప్పుడో నా నెత్తిన పడింది. పిన్ని కూతుళ్లు, మేనత్త, ఆఫీసులో పక్క సీటు అమ్మాయి, ఎవరు కొత్త కుర్తీ కొన్నా సంచిలో పెట్టుకుని నా దగ్గరికే వస్తారు. వచ్చి ఒకటే మాట: "అక్కా, పొడుగైపోయింది, కింద నాలుగంగుళాలు తీసేయవా?" నేను కత్తెర తియ్యను. పదిలో ఏడెనిమిది సార్లు పొడుగు అసలు సమస్యే కాదు. అదేంటో కింద వివరంగా చెప్తాను.

ముందు ఇవి చూశారా? (చూసి ఉండరు)

నైట్ ప్యాంటు మీద కుర్తీ వేసుకుని, ఉత్త కాళ్లతో, వాష్ బేసిన్ మీద అద్దంలో మెడ దాకా చూసుకుని "నాకు బాలేదు" అనేస్తారు. అలా చూస్తే ఎవరికీ బాగుండదు. బయటికి ఏ లోదుస్తులు, ఏ ప్యాంటు, ఏ చెప్పులు వేసుకుంటారో అవన్నీ వేసుకుని, బీరువా అద్దానికి ఐదారు అడుగుల దూరంలో నిలబడి, పాదాల దాకా చూసుకోండి. చీరకైతే చెప్పులు వేసుకున్నాకే కట్టడం మొదలుపెట్టండి, ఈ ముక్క ఎన్నిసార్లు చెప్పానో లెక్కే లేదు.

ఇంకోటి, ఫొటో. ఆరడుగుల మనిషి తన కళ్ల ఎత్తులో ఫోన్ పట్టుకుని మనల్ని పైనుంచి తీస్తే కాళ్లు సగమైపోతాయి. ఆ ఫొటో చూసుకుని మంచి డ్రెస్సును చెల్లెలికి ఇచ్చేసిన వాళ్లున్నారు. ఫోన్ నడుము ఎత్తుకు దించి తియ్యమనండి, అప్పటికీ నచ్చకపోతే డ్రెస్సు సంగతి చూద్దాం.

సమస్య 1: సైజు సరిపోయింది, అయినా అక్క బట్టలు వేసుకున్నట్టుంది

అసలు దొంగ ఇక్కడే దాక్కున్నాడు. నేను చేతులు కాల్చుకున్నదీ ఇక్కడే.

మొదటి జీతంతో ఒక నేవీ బ్లూ ఇక్కత్ కుర్తీ కొన్నాను. ఛాతీ సరిపోయింది, పొడవు పిక్కల మధ్యకి వచ్చింది. పొడుగే కదా అని ఇంటి దగ్గర టైలర్‌తో కింద 5 అంగుళాలు తీయించాను. మోకాళ్ల దగ్గరికి వచ్చింది గానీ సైడ్ కట్ బాగా చిన్నదైపోయి, స్కూటీ ఎక్కితే తుంటి దగ్గర పట్టేసేది. సరే అని కట్ పైకి విప్పించాను. అప్పుడు తెలిసింది, నడుము దగ్గర సన్నబడాల్సిన చోటు నా తుంటి మీద కూర్చుందని. ఛాతీ డాట్లు (ఛాతీ ఆకారానికి వేసే చిన్న మడత కుట్లు) కూడా ఉండాల్సిన చోటు కంటే కిందికి చూస్తున్నాయి. పక్కలు టైట్ చేయించాను, ఊపిరాడలేదు. మూడుసార్లు డబ్బులు పోశాక ఆ కుర్తీ రెండు దిండు గలేబులైంది.

తర్వాత విజయవాడ వన్‌టౌన్‌లో వస్త్రలత అనే బట్టల మార్కెట్‌కి వెళ్లి, ఇంకో కుర్తీ ఇలాగే పట్టుకుని పక్క సందులో ఒక టైలర్ దగ్గరికి వెళ్లాను. "మాస్టారూ, కింద తగ్గించాలి" అన్నాను. ఆయన టేపు కూడా తియ్యకుండా, వాళ్లమ్మాయిని పిలిచి, నా రెండు భుజాల దగ్గర బట్టని చెరో అంగుళం పైకి చిటికేసి పట్టుకోమన్నాడు. అంతే! నడుము నడుం దగ్గరికి వచ్చింది, డాట్ డాట్ చోటికి వచ్చింది, సైడ్ కట్ తుంటి పైకి లేచింది. "మీకు ఎక్కువైంది పొడుగు కాదమ్మా, భుజం" అన్నాడు. అద్దంలో చూసుకుని కాసేపు మాట రాలేదు, కోపం కూడా వచ్చింది, ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదేంటని.

కారణం ఏంటంటే, రెడీమేడ్‌లో ఎస్, ఎమ్, ఎల్ అనేవి ప్రధానంగా వెడల్పు లెక్కలు. ఎల్ నుంచి ఎస్‌కి వస్తే ఛాతీ, నడుము చుట్టుకొలతలు తగ్గుతాయి గానీ భుజం నుంచి నడుముకి ఉండే దూరం, చంక లోతు పెద్దగా తగ్గవు. అవి మనకంటే పొడుగు మనిషిని దృష్టిలో పెట్టుకుని కత్తిరించినవి. నా ఒంటి మీద భుజం నుంచి నడుముకి 13న్నర అంగుళాలు, నేను కొన్న కుర్తీల్లో చాలావాటికి 15. ఆ అంగుళంన్నర తేడా పైన మొదలై కింద దాకా ప్రతిదాన్నీ ఒక మెట్టు దించుతుంది. కింద కత్తిరిస్తే ఆఖరి మెట్టు మాత్రమే పోతుంది, మిగతావన్నీ అక్కడే ఉంటాయి. అమెరికాలో 5 అడుగుల 4 అంగుళాలు, అంతకంటే తక్కువ ఉన్నవాళ్లకి పెటీట్ అని వేరే కొలతలే ఉంటాయి. మన దేశంలో ఆడవాళ్ల సగటు ఎత్తే సుమారు 5 అడుగులు, అంటే ఆ లెక్కన మనలో ఎక్కువమంది పెటీటే. అయినా మన షాపుల్లో ఆ వరస కనపడటం అరుదు. సరే, ఏడ్చి లాభం లేదు.

మీదీ ఇదే జబ్బో కాదో తెలుసుకోవడం తేలిక. నడుము చుట్టూ ఒక బొందు కట్టుకోండి. నడుము ఎక్కడో తెలియకపోతే పక్కకి వంగండి, ఒళ్లు మడత పడే చోటే నడుము. పైన కుర్తీ వేసుకుని, దాని సన్నటి చోటు బొందు మీద ఉందా, కింద ఉందా తడిమి చూడండి. తర్వాత చేతులు రెండూ పైకెత్తండి. కుర్తీ మొత్తం మీతో పాటు పైకి లేస్తే చంక బాగా కిందికి ఉన్నట్టు. మెడ ముందుకు వంగితే లోపల కనపడేంత జారినా అదే కారణం. ఈ మూడింట్లో రెండు ఉంటే ఇక వేరే అనుమానం అక్కర్లేదు, ఎవరినైనా భుజాల దగ్గర చిటికెయ్యమనండి, ఎంత పట్టుకుంటే సరిపోతుందో అక్కడ పిన్నీసులు పెట్టండి.

ఇక కుట్టు. కుర్తీ చేతులు విప్పాలి, భుజం కుట్టు విప్పాలి, ముందు ముక్కలో ఎంత తీస్తే వెనక ముక్కలోనూ అంతే తియ్యాలి. నడుము అంగుళం లేవాలంటే రెండిట్లోనూ అంగుళం. భుజం కుట్టు భుజం ఎముక దాటి కిందికి జారుతుంటే, చేతులు ఎలాగూ విప్పారు కాబట్టి అక్కడ అరంగుళం లోపలికి తీసేయించండి. చంక చిన్నదవుతుంది, అందుకని చెయ్యిని కూడా దానికి సరిపడా తగ్గించి మళ్లీ ఎక్కించాలి. ఇక్కడే కొందరు టైలర్లు బద్ధకిస్తారు, చెయ్యి విప్పకుండా భుజం మీద ఒక మడత కుట్టేసి ఇచ్చేస్తారు, భుజం చివర చిన్న బుడిపెలా ఉబ్బుతుంది. "చెయ్యి విప్పే చెయ్యాలి మాస్టారూ" అని ముందే చెప్పండి, ఓ యాభై ఎక్కువ ఇస్తానని కూడా చెప్పండి. చంక మరీ పట్టేస్తే అడుగున అరంగుళం లోతు తీయించుకోవచ్చు.

అంగుళం, మహా అయితే అంగుళంపావు. అంతకుమించి లేపితే మెడ గొంతు దాకా వచ్చేస్తుంది, తల దూరదు. ఇంటి దగ్గర పిన్నీసులతో ఉన్నప్పుడే ఒకసారి తల దూర్చి చూసుకోండి. మెడ చుట్టూ భుజం దాకా ఎంబ్రాయిడరీ ఉన్న కుర్తీకి ఈ వైద్యం పనికిరాదు, పువ్వు సగానికి తెగుతుంది. దాన్ని ట్యాగ్ తియ్యకుండా వెనక్కి పంపించేయండి. నడుము దగ్గర అతుకున్న అనార్కలీ లాంటివైతే భుజం జోలికి పోకుండా ఆ అతుకు దగ్గరే పైకి లేపించొచ్చు.

ఇదంతా అయ్యాక, ఇంకా పొడుగుంటే, అప్పుడు కింద తియ్యండి. నాకు మోకాలి కింద రెండు వేళ్ల దాకా ఉంటే బాగుంటుంది. పిక్క బాగా లావుగా ఉండే చోట మాత్రం ఆపకండి, కాలు అక్కడికే తెగినట్టుంటుంది.

సమస్య 2: చీర కడితే పొట్ట దగ్గర ముద్ద

మీ పొట్టని తిట్టుకోకండి, టేపు తియ్యండి. చెప్పులతో సహా నా నడుము నుంచి నేలకి 37 అంగుళాలు. చీర పన్నా (వెడల్పు) 46 అంగుళాల దాకా ఉంటుంది. మిగిలిన 9 అంగుళాలూ నడుము దగ్గర లోపలికే పోవాలి. ఆరు కుచ్చిళ్లు పెట్టారనుకోండి, పన్నెండు పొరల గుడ్డ, ఒక్కో పొరకి 9 అంగుళాలు, అన్నీ బొడ్డు కింద ఒకేచోట కుక్కితే ముద్ద కాక ఏమవుతుంది?

లంగా బొందు బొడ్డు మీదికి కట్టుకోండి, అక్కడే ఒక అంగుళం కలిసొస్తుంది. లంగా చుట్టూ కుచ్చులు లేనిదై ఉండాలి. మొదటి చుట్టులో చీరని నలిపి దోపకుండా, అరచేతిని లోపలికి పెట్టి కిందికి సాపుగా నెట్టుకుంటూ రండి. కుచ్చిళ్లు ఏడెనిమిది పెట్టాలని రూల్ ఏమీ లేదు, నేను ఐదు పెడతాను, మిగిలిన గుడ్డ పైటకి వదిలేస్తాను, మోకాలి వెనక దాకా వేలాడితే మనిషి నిలువుగా కనిపిస్తుంది. కుచ్చిళ్లకి ముందు పిన్నీసు పెట్టి, దోపాక చెయ్యి లోపల పెట్టి రెండు పక్కలకీ పరిచెయ్యండి.

మంగళగిరి, వెంకటగిరి, ఉప్పాడ లాంటి పల్చటివి ఈ విషయంలో మనల్ని కాపాడతాయి. మందపాటి పట్టుకి ఎంత చేసినా కాస్త ముద్ద ఉంటుంది, పెళ్లిలో ఎవరూ అది చూడరు.

పెద్ద అంచు చీరలు పొట్టివాళ్లు కట్టకూడదంటారు. నేను అమ్మమ్మ గద్వాల చీర కడతాను, దానికి జానెడు అంచు. జాకెట్టు కూడా ఆ అంచు రంగులోనే కుట్టిస్తే మనిషి రెండు ముక్కల్లా ఉంటుంది కాబట్టి, చీర ఒంటి రంగులో కుట్టించుకున్నాను. జాకెట్టు పొడవు కూడా చూసుకోండి. నాకు 13 అంగుళాలు, 15 వేస్తే నడుమే కనపడదు.

సమస్య 3: పలాజో నేల ఊడుస్తోంది

ఇదీ భుజం కథే, వేరే వేషంలో. తొడల మధ్య కుట్టు కిందికి వేలాడుతోందా చూడండి. వేలాడుతుంటే కింద కాదు, పైన ఎలాస్టిక్ దగ్గర అంగుళంన్నర మడిచి కుట్టించండి. లేదంటే కింద తీసుకోండి, అంతే.

దుపట్టా రెండున్నర మీటర్లది రెండు భుజాల మీద పరిస్తే మనం అందులో మాయమైపోతాం. సన్నగా మడతలు పెట్టి ఒక భుజానికి పిన్ చెయ్యండి.

సమస్య 4: బీరువా నిండా బట్టలు, వేసుకోవడానికి ఏమీ లేవు

మా వదిన 5 అడుగుల 6 అంగుళాలు. ఆవిడకి ఏది బాగుంటే అది నేనూ కొనేదాన్ని, షాపులో బొమ్మకి వేసినవి కొనేదాన్ని. స్టైల్ లేదు అనుకునేవాళ్లలో సగంమంది రోగం ఇదే, వేరేవాళ్ల ఎత్తుకి నచ్చినవి కొనడం.

పొద్దున్నే ఆలస్యమైనప్పుడు చెయ్యి తనంతట తాను దేనిమీదికి పోతుందో ఆ మూడు డ్రెస్సులు బయటికి తియ్యండి. వాటిని మంచం మీద పరిచి కొలవండి: భుజం, భుజం నుంచి నడుము, సైడ్ కట్ మొదలు, పొడవు, చెయ్యి పొడవు. ఫోన్‌లో రాసుకోండి. మెడ ఎలాంటిది, గుడ్డ ఏంటి, రంగు ఏంటి, అదీ రాయండి. నావి మూడూ చూస్తే మూడూ వి మెడ, మూడూ కాటన్, మూడిట్లోనూ పైనా కిందా దగ్గర దగ్గర రంగులు. నాకు పూల డిజైన్లంటే ఇష్టం అనుకునేదాన్ని ఇన్నాళ్లూ! పూలవన్నీ బీరువా అడుగున మడత విప్పకుండా ఉన్నాయి. ఇప్పుడు షాపుకి వెళ్తే ముందు టేపు తీసి భుజం నుంచి నడుము కొలుస్తాను, సేల్స్ అమ్మాయి వింతగా చూస్తుంది, చూడనివ్వండి. అంగుళంపావు కంటే ఎక్కువ తేడా ఉంటే రంగు ఎంత బాగున్నా కిందపెట్టేస్తాను.

"ఏ కాలేజీ అమ్మా?" అని ఆఫీసులో అడిగించుకునేవాళ్లకి కూడా ముందు జారిపోయే భుజమే చూసుకోమంటాను. భుజం కుట్టు ఎముక మీద కూర్చుంటే ఆ ప్రశ్న సగం తగ్గుతుంది. మిగతా సగం ఫ్రిల్స్ వల్ల.

మిగతావి

అడ్డగీతలు, నలుపు రంగు, హీల్స్, పెద్ద హ్యాండ్‌బ్యాగ్: వీటి గురించి అందరూ తెగ చెప్తారు. అడ్డగీతలు సన్నగా ఉంటే ఏం కాదు. హీల్స్ ఇష్టమైతే వేసుకోండి, నేను అంగుళం దాటను, నడుం నొప్పి. బ్యాగ్ పట్టీ పొడుగైతే ఒక ముడి వేయండి. ఉతికాక కుర్తీ ఒకపక్క తిరిగిపోతే అది ఎక్కువగా గుడ్డ కత్తిరించిన తప్పే, దానికి మన దగ్గర మందు లేదు, ఇంట్లో వేసుకోండి.