అమెరికా క్రిమినల్ డ్యూ ప్రాసెస్ – 3వ పాఠం: తీర్పులో అసలు ప్రశ్నను పట్టుకోవడం

గత పాఠంలో డ్యూ ప్రాసెస్‌కు, అంటే చట్టబద్ధమైన న్యాయ ప్రక్రియకు, సంబంధించిన 5, 6, 14వ రాజ్యాంగ సవరణలు చదివాం. ఈసారి ఒక తీర్పు తీసుకుని కేస్ బ్రీఫ్, అంటే అందులోని వాస్తవాలు, ప్రశ్న, జవాబు, కారణాల చిన్న సారాంశం రాద్దాం. అమెరికాలో లా డిగ్రీ మామూలు డిగ్రీ పూర్తయ్యాకే చేస్తారు. కాబట్టి పొలిటికల్ సైన్స్, క్రిమినల్ జస్టిస్ క్లాసుల్లో ఈ తీర్పులు చదివే పిల్లలంతా లా కి కొత్తవాళ్లే. టెన్షన్ పడొద్దు.

మన తీర్పు గిడియన్ వర్సెస్ వెయిన్‌రైట్, 1963. సైటేషన్ 372 యు.ఎస్. 335. అంటే అమెరికా సుప్రీంకోర్టు తీర్పుల సంపుటాల్లో 372వ సంపుటం, 335వ పేజీ.

1961 జూన్‌లో ఫ్లోరిడాలోని పనామా సిటీలో ఒక పూల్ రూమ్‌లో (బిలియర్డ్స్ లాంటి ఆట ఆడే చోట) దొంగలు పడ్డారు. పోలీసులు క్లారెన్స్ ఎర్ల్ గిడియన్‌ను అరెస్టు చేశారు. లాయరుకు డబ్బుల్లేవు, కోర్టే ఒకరిని పెట్టాలని ఆయన అడిగాడు. మరణశిక్ష పడగల కేసుల్లోనే అలా పెట్టడానికి రాష్ట్ర చట్టం ఒప్పుకుంటుందని జడ్జి కాదన్నారు. గిడియన్ తనే వాదించుకుని ఓడిపోయాడు. ఐదేళ్ల జైలుశిక్ష పడింది. జైల్లో కూర్చుని పెన్సిల్‌తో రాసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు విచారణకు తీసుకుంది.

పెన్సిల్ సంగతి ఎవరి మనసునైనా కదిలిస్తుంది. బ్రీఫ్‌లో మాత్రం రాయకండి. తీసేస్తే తీర్పు మారిపోయే వాస్తవాలే అక్కడ ఉండాలి: నిందితుడు పేదవాడు, ఆరోపణ ఫెలనీ (తీవ్రమైన నేరం), విచారణ రాష్ట్ర కోర్టులో, లాయరును అడిగినా ఇవ్వలేదు.

కేసు పేరులో ఫ్లోరిడా బదులు వెయిన్‌రైట్ ఎందుకున్నారు? ఇది హెబియస్ కార్పస్ పిటిషన్, అంటే తన నిర్బంధం చట్టవిరుద్ధమని ఖైదీ కోర్టుకు వెళ్లడం. ఖైదీని నిర్బంధంలో ఉంచిన అధికారి మీద వేస్తారు. వెయిన్‌రైట్ ఫ్లోరిడా జైళ్ల శాఖ అధిపతి. పేరు చూడగానే కేసు ఏ దారిలో పైకి వచ్చిందో తెలిసిపోతుంది.

ఇక అసలు పని, ప్రశ్న రాయడం. 'గిడియన్ దొంగతనం చేశాడా?' అన్నది సుప్రీంకోర్టు ముందున్న ప్రశ్నే కాదు. 'పేదవాడికి లాయరు ఇవ్వాలా?' అంటే మరీ వదులుగా ఉంది, ఏ కోర్టులో, ఏ కేసులో, రాజ్యాంగంలో ఏ మాట ప్రకారం అన్నది తేలదు. ఇలా రాయండి: 'రాష్ట్ర కోర్టులో ఫెలనీ విచారణ ఎదుర్కొంటున్న పేద నిందితుడికి లాయరును పెట్టకపోతే 14వ సవరణలోని డ్యూ ప్రాసెస్ హామీని ఉల్లంఘించినట్టా?'

చాలామంది 6వ సవరణ రాసి ఆపేస్తారు. నేరవిచారణలో లాయరు హక్కు ఉన్నది దానిలోనే, కానీ మొదట్లో అది ఫెడరల్ ప్రభుత్వాన్నే కట్టడి చేసేది. రాష్ట్రాలకు దాన్ని వర్తింపజేసింది 1868 నాటి 14వ సవరణ ద్వారానే. ఆ ముడి వదిలేస్తే బ్రీఫ్ పనికిరాదు.

జవాబు: అవును, ఉల్లంఘనే. తొమ్మిదిమంది జడ్జీలూ ఏకమయ్యారు. లాయరు ఉంటే తప్ప న్యాయమైన విచారణ సాధ్యం కాదన్నది ప్రధాన కారణం. ప్రత్యేక పరిస్థితులుంటేనే రాష్ట్రాలు లాయరును ఇవ్వాలన్న 1942 నాటి బెట్స్ వర్సెస్ బ్రేడీ తీర్పు దీంతో రద్దయింది. అప్పట్లో బెట్స్‌తో విభేదించిన జస్టిస్ హ్యూగో బ్లాక్ చేతనే ఈ తీర్పు రాయించడం నాకు ఎంతో న్యాయంగా అనిపిస్తుంది. 1963 ఆగస్టులో మళ్లీ విచారణ జరిగింది. ఈసారి పక్కన లాయరు ఉన్నాడు, జ్యూరీ గిడియన్‌ను నిర్దోషిగా తేల్చింది.

అభ్యాసం: ఆర్జర్‌సింగర్ వర్సెస్ హామ్లిన్, 1972 చదవండి. అక్కడ ఆరోపణ ఫెలనీ కాదు, చిన్న నేరం, పడింది 90 రోజుల జైలు. పైన రాసిన ప్రశ్నలో ఏ మాట మార్చాలో చూసి, ఒకే వాక్యంలో మళ్లీ రాయండి. తర్వాత 1979 నాటి స్కాట్ వర్సెస్ ఇల్లినాయ్ తీయండి, అందులో జరిమానాతోనే సరిపెట్టారు. వచ్చే పాఠం ఈ రెండు ప్రశ్నలతోనే మొదలుపెడదాం.