విమానం రేకుపని నేర్చుకోవాలంటే విజయనగరం పిల్లలు ఎక్కడ మొదలుపెట్టాలి?

భోగాపురం విమానాశ్రయం పనులు మొదలైనప్పటి నుంచి ఇంటర్ పిల్లలున్న తండ్రులు మా వీధిలో ఒకటే అడుగుతున్నారు: "మావాడిని విమానాల రిపేర్‌లో పెట్టాలంటే ఏం చదివించాలి?" రిపేర్ అనగానే అందరికీ ఇంజనే గుర్తొస్తుంది. నేను చెప్పేది విమానం ఒంటి సంగతి. పగిలిన రేకు, తుప్పు తిన్న ఫ్రేము, సామాన్ల బండి తగిలి సొట్టపడిన తలుపు అంచు, వీటిని బాగుచేసే పనిని స్ట్రక్చర్ రిపేర్ అంటారు.

మొదట దారి తేల్చుకోండి. మన దేశంలో స్ట్రక్చర్‌కి విడిగా లైసెన్స్ లేదు. అది విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే ఏఎంఈ (విమాన నిర్వహణ ఇంజనీరు) లైసెన్స్‌లో, ఇంజను, విమానం ఒళ్లు చూసే బీ1 విభాగం కిందికే వస్తుంది. రేకు కోసి రివెట్ కొట్టేది టెక్నీషియన్. పని సరిగ్గా ఉందని చివర సంతకం పెట్టేది లైసెన్స్ ఉన్న ఇంజనీరు. సంతకం దాకా వెళ్లాలంటే ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉండాలి. లైసెన్స్ కోసం సబ్జెక్టులవారీగా పెట్టే మాడ్యూల్ పరీక్షల్లో పాస్ మార్కు 75 శాతం. బీ1లో పెద్ద జెట్ విమానాలు వచ్చే ఉపవిభాగం బీ1.1కి ఆమోదం ఉన్న సంస్థలో కోర్సు చేస్తే రెండేళ్ల పని అనుభవం చాలు. సాంకేతిక శిక్షణేమీ లేనివాళ్లకు అయిదేళ్లు కావాలి. చేతిపని మీద ఇష్టమున్నవాళ్లు ఐటీఐలో ఫిట్టర్ గానీ షీట్ మెటల్ గానీ చేసి, టెక్నీషియన్‌గా చేరవచ్చు. విమాన స్ట్రక్చర్ ఫిట్టర్ పేరుతోనే ఒక ఐటీఐ ట్రేడ్ ఉంది కానీ అన్నిచోట్లా దొరకదు.

ఫీజు కట్టే ముందు ఒక పని చేయండి. డీజీసీఏ వెబ్‌సైట్‌లో సీఏఆర్ 147 (శిక్షణ సంస్థల నిబంధన) ఆమోదం ఉన్న సంస్థల జాబితా ఉంటుంది. మీరు చూసిన సంస్థ పేరుతో పాటు, ఏ విభాగానికి ఆమోదం ఉందో కూడా అందులో చూడండి. మా బంధువుల అబ్బాయి రంగుల బ్రోచర్ చూసి చేరిపోయాడు. బీ1కి ఆమోదం లేదని ఏడాది పోయాక తెలిసింది. కట్టిన డబ్బు వెనక్కి రాలేదు.

ఇక అసలు పని. సీటు వచ్చేదాకా ఖాళీగా కూర్చోనక్కర్లేదు. తలుపులు, కిటికీలు చేసే దుకాణంలో అల్యూమినియం రేకు ముక్కలు అడిగి తెచ్చుకోండి. అక్కడ వాడే లోపల డొల్లగా ఉండే పాప్ రివెట్ కాదు, డొల్ల లేని సాలిడ్ రివెట్ కావాలి. ఈ రంగంలో లెక్క అంగుళాల్లోనే నడుస్తుంది. 1/8 అంగుళం రివెట్ అంటే దాదాపు 3.2 మి.మీ. దానికి 30 నంబరు డ్రిల్ బిట్. రేకు అంచు నుంచి బెజ్జం మధ్యకు రివెట్ వ్యాసానికి కనీసం రెండింతల దూరం, రివెట్‌కీ రివెట్‌కీ మధ్య కనీసం మూడింతలు. గీత గీయడానికి మామూలు పెన్సిల్ వాడకండి. అందులోని గ్రాఫైట్ అల్యూమినియంతో కలిస్తే తుప్పు మొదలవుతుంది. ఇనుప మొనతో గీస్తే ఆ గీత దగ్గరే పగులు పుట్టొచ్చు.

బెజ్జం వేశాక అంచున లేచిన ముళ్లు తీసేయండి. రెండు రేకులు జరగకుండా క్లెకోలతో, అంటే బెజ్జాల్లో పెట్టి తర్వాత తీసేసే పిన్నులతో బిగించాలి. 1/8కి వాడేది రాగిరంగు క్లెకో. ఒక వైపు రివెట్‌ను కొట్టే రివెట్ గన్, రెండో వైపు దెబ్బకు ఆనించే ఇనుప దిమ్మె, బకింగ్ బార్. ఇద్దరు మనుషుల పని ఇది, మాట కలవకపోతే రేకు సొట్టపోతుంది. కొట్టాక ఏర్పడే తల వెడల్పు రివెట్ వ్యాసానికి ఒకటిన్నర రెట్లు, ఎత్తు వ్యాసంలో సగం ఉండాలి. అంటే 4.8, 1.6 మి.మీ. వెర్నియర్‌తో కొలిచి చూసుకోండి. అదేపనిగా కొడితే లోహం గట్టిపడి పగులుతుంది. శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి పనివాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఇంత చాదస్తం ఎందుకంటే, 1978లో ఒక జపాన్ విమానం తోక నేలకు రాసుకుంది. తోకవైపు గాలిపీడనం ఆపే గోడను బాగుచేస్తూ, ఒకే పలక వేయాల్సిన చోట రెండు ముక్కలుగా వేశారు. రెండు వరసల రివెట్లు మోయాల్సిన బరువు ఒక వరస మీద పడింది. ఏడేళ్లు ఎగిరింది కూడా. 1985 ఆగస్టు 12న ఆ గోడ పగిలి 520 మంది చనిపోయారు. అందుకే స్ట్రక్చరల్ రిపేర్ మాన్యువల్‌లోని ఇంగ్లిష్ చదివి, బొమ్మ అర్థం చేసుకోవడం రివెట్ కొట్టడమంత అవసరం. రోజూ ఒక పేజీ చదవండి.

ఉద్యోగం ఇంటి పక్కనే వస్తుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు. విమానాశ్రయంలో ఎక్కువగా జరిగేది రోజువారీ తనిఖీ. పెద్ద రేకుపని హ్యాంగర్లలో, అంటే విమానాలు నిలిపి బాగుచేసే పెద్ద షెడ్లలో ఉంటుంది. శంషాబాద్, నాగ్‌పూర్ అలాంటి చోట్లే. కొత్త భాగాలు తయారుచేసే పని కావాలంటే హైదరాబాద్ దగ్గరి ఆదిభట్ల వైపు చూడండి.

ఇంటర్వ్యూకి మీరు చేసిన రేకు ముక్క ఒకటి పట్టుకెళ్లండి, కొలతలు రాసిన కాగితంతో సహా. పనిలో చేరాక ఎప్పుడైనా బెజ్జం పెద్దదైపోతే టెన్షన్ పడి దాచకండి. అప్పుడే సూపర్‌వైజర్‌కి చెబితే, తర్వాతి సైజు రివెట్ వేయొచ్చో లేదో మాన్యువల్ చూసి తేలుస్తారు.