లాప్‌టాప్ అమ్మే ముందు ఫైల్స్ నిజంగా పోవాలంటే

మొన్న మా బామ్మర్ది పాత లాప్‌టాప్ అమ్మేద్దామని తెచ్చాడు. అన్నీ డిలీట్ చేసేశా బావా, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశా అన్నాడు. సరే చూద్దాం అని ఫోటోరెక్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఆన్ చేసి భోంచేసి వచ్చా, ఫైల్ పేర్లు పోయి వట్టి నంబర్లతో అయినా సరే వాడి పెళ్లి ఫోటోలు, పాన్ కార్డ్ స్కాన్, మా మామగారి పాస్‌బుక్ మొదటి పేజీ అన్నీ వరసగా వచ్చి కూర్చున్నాయి. వాడి మొహం చూడాలి అప్పుడు.

డిలీట్ కొడితే పోయేది ఫైల్ కాదు, ఫైల్ ఎక్కడుందో రాసుకున్న ఎంట్రీ. రిజిస్టర్లో పేరు కొట్టేశారు, ఇల్లు మాత్రం అలాగే ఉంది అన్నట్టు. ఆ చోట్లో ఇంకేదైనా రాసేదాకా పాతది చదవొచ్చు.

ముందు మీది హార్డ్ డిస్కా (లోపల పళ్లేలు తిరిగేది) ఎస్ఎస్‌డీనా (చిప్‌లలో దాచేది) చూసుకోండి, ఎందుకంటే రెండింటికీ పద్ధతి వేరు. టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్‌లోకి వెళ్తే డిస్క్ పక్కనే రాసి ఉంటుంది. కావాల్సినవి బ్యాకప్ తీసుకుని, ఆ బ్యాకప్ ఒకసారి ఓపెన్ చేసి చూశాకే మిగతా పని మొదలెట్టండి, చెరిపాక ఏడ్చి లాభం లేదు.

హార్డ్ డిస్క్ అయితే ఈజీ. ఫైల్స్ డిలీట్ చేసి, బిన్ ఖాళీ చేసి, సిస్టమ్ ప్రొటెక్షన్‌లో పాత రీస్టోర్ పాయింట్లు కూడా తీసేయండి (వాటిలో పాత కాపీలు దాక్కుంటాయి, ఇది చాలామంది మర్చిపోతారు). తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి సైఫర్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, స్లాష్ డబ్ల్యూ కోలన్, దాని వెనకే డ్రైవ్ అక్షరం, మళ్లీ కోలన్ (cipher /w:D: లాగా). ఇది విండోస్‌లోనే ఉంటుంది, ఖాళీ జాగా మొత్తం మీద ఒకసారి సున్నాలు, ఒకసారి ఒకట్లు, ఒకసారి అడ్డదిడ్డం నంబర్లు రాస్తుంది. ఉన్న ఫైల్స్ జోలికి పోదు. గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోండి. ఒకటి రెండు ఫైల్సే అయితే మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎస్‌డిలీట్ అనే టూల్ చాలు, ఫైల్ మీద వేరేది రాసి చెరిపేస్తుంది. ముప్పై ఐదు సార్లు రాయాలి అని ఎవరైనా అంటే వినకండి, అది 1996లో గుట్‌మన్ అనే ఆయన అప్పటి రకరకాల డిస్కుల కోసం చెప్పింది, ఇప్పటి డిస్క్‌కి ఒక్కసారి పూర్తిగా రాస్తే చాలు.

ఎస్ఎస్‌డీతోనే తంటా. మీరు ఫైల్ మీద సున్నాలు రాశాననుకుంటారు, అది మాత్రం చిప్‌లు త్వరగా అరిగిపోకుండా ఆ రాత తీసుకెళ్లి వేరే చోట పెడుతుంది, పాతది పాతచోటే ఉండిపోవచ్చు. కాబట్టి ఒక్కో ఫైల్ చెరిపే టూల్స్ ఇక్కడ నమ్మొద్దు. బిట్‌లాకర్ (డ్రైవ్‌లో ఉన్నదంతా తాళం చెవి లేకుండా చదవలేని కోడ్‌గా మార్చే విండోస్ ఫీచర్) ఉంటే ఆన్ చేసి, వాడిన జాగా మాత్రమేనా, డ్రైవ్ మొత్తమా అని అడిగినప్పుడు మొత్తం అని పెట్టి, పూర్తయ్యాక రీసెట్ పీసీ, రిమూవ్ ఎవ్రీథింగ్, చేంజ్ సెట్టింగ్స్‌లో క్లీన్ డేటా ఆన్ చేసి వదిలేయండి. రీసెట్‌తో ఆ తాళం చెవి పోయాక లోపల ఏం మిగిలినా చెత్తే. బయోస్‌లోగానీ (విండోస్ రాకముందే తెరుచుకునే సెట్టింగ్స్) డ్రైవ్ కంపెనీ టూల్‌లోగానీ సెక్యూర్ ఎరేజ్ (డ్రైవే తనని తాను మొత్తం చెరుపుకునే ఆప్షన్) కనిపిస్తే ఇంకా మంచిది, నేనైతే అదే వాడతా.

పెన్ డ్రైవ్ ఇంకొకళ్లకి ఇచ్చేటప్పుడు ఫార్మాట్‌లో క్విక్ ఫార్మాట్ టిక్ తీసేయండి, అప్పుడే డ్రైవ్ మొత్తం సున్నాలు రాస్తుంది. కాకపోతే ఇదీ ఫ్లాష్ చిప్పే, మూల మూలలా పోయిందని గ్యారంటీ లేదు. ఆధార్లు, బ్యాంక్ కాగితాలు తిరిగిన పెన్ డ్రైవ్ అయితే నేను ఎవరికీ ఇవ్వను, మూడొందల ముఖం చూసుకుంటే ఎలా, చిప్ పగలగొట్టి పారేస్తా. అసలు ఆన్ అవ్వని డిస్క్ కూడా అంతే, పాత సామాన్లవాడికి వేసే ముందు హార్డ్ డిస్క్ అయితే లోపలి పళ్లేలకి డ్రిల్‌తో నాలుగు బొక్కలు, ఎస్ఎస్‌డీ అయితే ఒక్క బొక్క పెడితే అది చిప్‌లకి తగలకుండా పక్కకి పోవచ్చు కాబట్టి ప్రతి నల్ల చిప్ మీదా సుత్తి దెబ్బ పడాలి.