పాత చెక్క బల్ల చూడటం నేర్చుకుందాం, 3వ పాఠం: బల్లని తిరగేయండి

పోయిన పాఠంలో టేకా, రోజ్‌వుడ్డా, లేక మామిడి చెక్కకి రంగేశారా అన్నది గీతలూ బరువూ చూసి పోల్చుకోవడం చెప్పుకున్నాం కదా, ఈసారి వయసు సంగతి. పైభాగాన్ని ఎవరైనా మెరిపించేయొచ్చు కాబట్టి వయసు అడుగున చూడాలి. ఇంకొకళ్లని సాయం పిలిచి బల్లని దుప్పటి మీద బోర్లా పెట్టండి, కాళ్లు పట్టుకుని మాత్రం ఈడ్వొద్దు, పాత అతుకులు అక్కడే వదులైపోతాయి.

ముందు సొరుగు మొత్తం బయటికి లాగి, ముందు చెక్కా పక్క చెక్కా కలిసే మూల చూడండి. పావురం తోకలా చివర వెడల్పయ్యే పళ్లు ఒకదాంట్లో ఒకటి దిగి ఉంటాయి. చేత్తో కోసినవైతే ఏ రెండూ అచ్చంగా ఒక్కలా ఉండవు, వడ్రంగి కొలత కోసం గీసుకున్న సన్నగీత కూడా చాలాసార్లు అలాగే ఉండిపోతుంది. అన్నీ అచ్చుగుద్దినట్టుంటే అది మిషన్ పని.

మా తాతయ్య రాత బల్ల సొరుగు అడుగున ఫోన్ టార్చ్ పక్కవాటుగా పెట్టి చూస్తే చిన్న చిన్న అలల్లాగా కనిపిస్తాయి, వేలితో తడిమితే ఇంకా బాగా తెలుస్తాయి, అది చిత్రిక పట్టిన గుర్తు. వంపు తిరిగిన గీతలుంటే గుండ్రటి మిషన్ రంపం, తిన్నగా ఎగుడుదిగుడుగా ఉంటే చేతి రంపం. అయితే మన దగ్గర చేతి కోత చాలా కాలం నడిచింది, అందుకని ఆ ఒక్క గుర్తు చూసి నూట యాభై ఏళ్లది అనేయకండి.

స్క్రూల దగ్గరికొద్దాం. సుమారు 1850కి ముందు వాటికి కోసుగా మొన ఉండేది కాదు, తల మీద గాటు కూడా కాస్త పక్కకి జరిగి ఉంటుంది. ప్లస్ గాటు ఉన్నవి 1930ల తర్వాతే వచ్చాయి. ప్లస్ స్క్రూ కనబడగానే బల్ల కొత్తదని కొట్టేయొద్దు, పక్కన పాత ఖాళీ బెజ్జం ఉందేమో చూడండి, ఉంటే రిపేరు జరిగిందన్నమాట. గుండ్రటి బల్లైతే టేపు పెట్టి రెండు వైపులా కొలవండి, చెక్క గీతలకి అడ్డంగా ఎండి కుదించుకుంటుంది కాబట్టి పాతది అటువైపు కాస్త తక్కువొస్తుంది.

ఇక ధర. ముందు ఉత్త చెక్క విలువ కట్టండి. 5 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, అంగుళం మందం పైచెక్క అంటే 1.25 ఘనపుటడుగులు. 3 అంగుళాల చదరం, రెండున్నర అడుగుల ఎత్తు కాళ్లు నాలుగూ కలిపి ఇంకో 0.625. ఫ్రేమూ సొరుగూ అలాగే కొలిచి కలిపి, మీ ఊరి టింబర్ డిపోలో అదే రకం కలప రేటు కనుక్కుంటే, అంతకంటే తక్కువకి మాత్రం అమ్మకండి. దాని మీద పనితనం, అన్ని భాగాలూ అసలువేనా, పైచెక్క ఒకే పలకా అతుకులా, బల్ల ఎవరి ఇంట్లోంచి వచ్చిందన్న ఆధారం, ఇవన్నీ ధర పెంచేవే. కోస్తా జిల్లాల్లో "రంగం నుంచి తెచ్చిన బర్మా టేకు" అని చాలా ఇళ్లలో చెప్తారు, అప్పట్లో మనవాళ్లు నిజంగానే ఓడలెక్కి రంగూన్ వెళ్లొచ్చేవాళ్లు కాబట్టి కొట్టిపారేయలేం, కానీ పాత ఉత్తరమో రసీదో చూపిస్తేనే దానికి అదనంగా ఇవ్వండి.

ఒక్కటి మాత్రం బతిమాలి చెప్తున్నా, ధర కట్టించేదాకా పాలిష్ జోలికి వెళ్లొద్దు. మా బంధువుల ఇంట్లో ఒక పాలిష్ ఆయన మిషన్ పెట్టి బల్లంతా గీకేసి నిగనిగలాడే కోటింగ్ వేశాడు, ఏళ్ల తరబడి చేతులు తగిలి తేనె రంగు తేలిన పైపొర ఒక్క పూటలో పొడైపోయింది, అది మళ్లీ రాదు. లక్కని స్పిరిట్‌లో కరిగించి గుడ్డతో పూసిన పాత పాలిషేనా అని తెలియాలంటే, కనపడని చోట దూదితో చుక్క స్పిరిట్ అద్దండి, మెత్తబడి అంటుకుంటే అదే.

విదేశాల్లో ఉన్నవాళ్లు పట్టుకెళ్దామనుకుంటే, 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కళాత్మక వస్తువుల్ని సొంతంగా దేశం దాటించడం నేరం, ముందే పురావస్తు శాఖని అడగండి.

వచ్చే పాఠానికి సొరుగు మూలా, ఒక స్క్రూ తలా, అడుగుభాగమూ పక్కవాటు వెలుతురులో ఫొటోలు తీసి ఉంచుకోండి, పుప్పి పట్టిన కాళ్ల గురించి చెప్పుకునేటప్పుడు వాటితో పనుంది.