వెయ్యి వాట్ల గ్రో లైటు నిజంగా ఎన్ని వాట్లు? నారు పెంచేవాళ్ళకు వచ్చే సమస్యలు, పరిష్కారాలు

జూలై, ఆగస్టుల్లో ఒడిశాలోని మా రాయగడ మీద మబ్బు కమ్మిందంటే వారం పది రోజులు ఎండ మొహం కనిపించదు. మిర్చి, టమాటా, వంగ నారు ట్రేలలో పెంచేవాళ్ళకి అదే పెద్ద టెన్షన్. అందుకే చాలామంది ఫోనులో చూసి చవక ఎల్‌ఈడీ గ్రో లైట్లు తెప్పించుకుంటున్నారు. కొన్నాళ్ళకి అవి నా రిపేరు బల్ల మీదకి చేరతాయి. గుణుపురం, బిస్సంకటక్ నుంచి వస్తాయి, అటు పార్వతీపురం నుంచి కూడా రైలెక్కించి తెస్తారు.

మా పిన్ని డాబా మీద నారు పోస్తుంది. రెండేళ్ళ క్రితం ఆమె కోసం నేనే ఒక పానెల్ కొన్నాను. పెట్టె మీద వెయ్యి వాట్లు అని ఉంది. ఎనిమిది ట్రేల మిర్చి నారు దారంలా సాగి, మెడలు వాల్చేసింది. "లైటు వెలుగుతూనే ఉంది కదరా, మరి మొక్క ఎందుకు పడిపోయింది?" అని పిన్ని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న పట్టుకునే ఒక్కొక్క పానెల్‌నీ కొలవడం, విప్పి చూడడం మొదలుపెట్టాను. బల్ల మీదకి ఏ సమస్యతో వస్తున్నాయో, ఆ వరసలోనే చెబుతాను.

నారు సన్నగా సాగి వాలిపోతోంది

మొక్కకి వెలుతురు చాలకపోతే కాండం పొడుగ్గా సాగుతుంది. పానెల్ మరీ ఎత్తున కట్టారేమో ముందు చూడండి. అది కాకపోతే అసలు పానెల్‌కి శక్తే లేదని అర్థం. ఇది తేల్చడానికి ప్రత్యేకంగా పరికరం కొననక్కర్లేదు, ఇంటి కరెంటు మీటరే చాలు.

ఎలక్ట్రానిక్ మీటరు మీద ఒక చిన్న ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. దాని పక్కనే ఒక యూనిట్‌కి అది ఎన్నిసార్లు మెరుస్తుందో అచ్చువేసి ఉంటుంది. చాలా మీటర్లలో 3200 అని ఉంటుంది, మీ మీటరు మీద వేరే అంకె ఉంటే అదే తీసుకోండి. ఇంట్లో ఫ్రిజ్, ఇన్వర్టర్, రౌటర్‌తో సహా అన్నీ ఆపేయండి. ఇప్పుడు ఎర్ర లైటు మెరవకూడదు. మెరుస్తుంటే ఇంకా ఏదో కరెంటు లాగుతోందన్నమాట, అదేమిటో వెతికి ఆపండి. ఆ తర్వాత గ్రో లైటు ఒక్కటే వేసి, పది నిమిషాల్లో ఎన్నిసార్లు మెరిసిందో లెక్కపెట్టండి. ఆ సంఖ్యని 6000తో గుణించి, మీటరు మీది అంకెతో భాగిస్తే వచ్చేవే అసలు వాట్లు.

మా పిన్ని పానెల్ పది నిమిషాల్లో 53 సార్లు మెరిసింది. 53ని 6000తో గుణించి 3200తో భాగిస్తే సుమారు 99. వెయ్యి వాట్లు అన్నది వంద వాట్లే. నిజంగా వెయ్యి వాట్లయితే పది నిమిషాల్లో 533 సార్లు, అంటే ఇంచుమించు సెకనుకి ఒకసారి మెరవాలి. మాది పదకొండు సెకన్లకి ఒకసారి మెరిసింది.

ఈ వెయ్యి ఎక్కడి నుంచి వచ్చింది? పానెల్‌లో వంద బల్బులుంటాయి. ఒక్కో బల్బు గరిష్ఠంగా పది వాట్లు తట్టుకోగలదని చెప్పి, వందని పదితో గుణించి పెట్టె మీద వేస్తారు. నడిపేది మాత్రం ఒక్కో బల్బుని ఒక్క వాటు దగ్గరే. పెట్టె అడుగున చిన్న అక్షరాలతో అసలు వాట్లు కూడా వేసి ఉంటే దాన్ని నేను నకిలీ అనను, మభ్యపెట్టే అమ్మకం అంటాను. అసలు వాట్లు ఎక్కడా లేకపోతే ఆ సరుకుని నమ్మకండి.

కొలిచాక చేయాల్సింది సులువే. ఎరుపు, నీలం బల్బులు కలిసి ఊదాగా వెలిగే వంద వాట్ల పానెల్ కింద 98 గుంటల ట్రేలు రెండు మాత్రమే పెట్టండి. తెల్ల చిప్పులతో, అంటే బోర్డు మీద అంటించే చిన్న ఎల్‌ఈడీలతో ఉన్న మంచి వంద వాట్ల పానెల్ అయితే నాలుగు ట్రేలకి సరిపోతుంది. తెల్ల వెలుతురు కొలవడానికి ఫోనులో లక్స్ మీటర్ యాప్ పనికొస్తుంది, ఉజ్జాయింపుగానే అనుకోండి. ఆకు ఎత్తులో పన్నెండు నుంచి పదిహేను వేల లక్స్ ఉండి, రోజుకి 14 నుంచి 16 గంటలు వెలిగితే మిర్చి నారు గట్టిగా, పొట్టిగా వస్తుంది. ఊదా రంగు వెలుతురు కింద మాత్రం ఈ యాప్ చూపే అంకెని లెక్కలోకి తీసుకోవద్దు. లక్స్ అనేది మనిషి కంటికి తగ్గ కొలత. కంటికి మసకగా తోచే ఎరుపు, నీలం వెలుతురుని మొక్క బాగానే వాడుకుంటుంది.

శాంసంగ్ చిప్ అని రాశారు, నిజమేనా?

ఎక్కువ మోసం జరిగేది ఇక్కడే. గ్రో లైట్లలో బాగా పేరున్న చిప్ శాంసంగ్ వారి ఎల్‌ఎం 301 బి. పేరు చెప్పి వేరేది అంటించడం మామూలైపోయింది. లైటు ఆపి, చల్లారాక, భూతద్దంతోనో ఫోను కెమెరాతో దగ్గరగా ఫోటో తీసో చూడండి. 301 బి అచ్చంగా చతురస్రం, పక్కకి 3 మిల్లీమీటర్లు, నిలువుకీ 3 మిల్లీమీటర్లు. పిల్లల జామెట్రీ బాక్స్ స్కేలు ఆనించి చూసినా తెలుస్తుంది. 2.8కి 3.5 మిల్లీమీటర్లుగా కాస్త పొడుగ్గా ఉంటే అది 301 బి కానే కాదు. అదే కంపెనీ తక్కువ రకం 281 బి అయినా కావచ్చు, ఊరూ పేరూ లేని చిప్ అయినా కావచ్చు. చతురస్రంగానే ఉన్నా, పసుపు పూత కింద వెంట్రుక లాంటి సన్న తీగలు కనిపిస్తే అప్పుడూ అనుమానించండి. 301 బి లోపల చిప్‌ని బోర్లించి అతికిస్తారు, అందులో ఆ తీగలు ఉండవు.

చిప్పులు లెక్కపెట్టడం కూడా మంచి పరీక్ష. ఈ చిప్ బాగా పనిచేసేది ఒక్కోదాన్ని అర వాటు లోపు నడిపినప్పుడే. వంద వాట్ల బోర్డు మీద రెండు వందలకి పైగా చిప్పులుండాలి. ఎనభయ్యే ఉంటే, ఉన్నవాటినే గట్టిగా తోలుతున్నారన్నమాట. వేడి పెరుగుతుంది, వెలుతురు త్వరగా తగ్గిపోతుంది.

281 బి చెడ్డ చిప్ ఏమీ కాదు. దాని పేరు దానికే పెట్టి, దాని ధరకే అమ్మితే నారుకి నిక్షేపంగా పనికొస్తుంది. 301 బి ధర తీసుకుని ఇది అంటగడితేనే నాకు కడుపు మండుతుంది. దీనికి రిపేరు లేదు. వాపసు గడువులోగా స్కేలు ఆనించిన ఫోటోతో తిప్పి పంపడమే.

ఎర్ర బల్బుల్లో కూడా తేడా ఉంటుంది. వెలుతురు రంగుని నానోమీటర్లలో చెబుతారు, మొక్కకి ఎక్కువ పనికొచ్చే ముదురు ఎరుపు 660 నానోమీటర్లది. అది కంటికి కాస్త మసకగా, దానిమ్మ గింజ రంగులో కనిపిస్తుంది. చవక పానెళ్ళలో వేసే 630 నానోమీటర్ల ఎరుపు నారింజ ఛాయతో కళ్ళు జిగేల్‌మనేలా వెలుగుతుంది. కంటికి బాగా వెలిగేదే మంచిదని ఆ పానెల్‌ని ఎంచుకునేవాళ్ళు ఎక్కువ, అందుకే ఇది చెప్పడం.

ఒకటి రెండు బల్బులు వెలగడం లేదు

ఇది చాలాసార్లు అసలు సమస్యే కాదు. 730 నానోమీటర్ల బల్బులు కంటికి మసక ఎరుపుగా మాత్రమే కనిపిస్తాయి. ఇన్‌ఫ్రారెడ్ బల్బులైతే కనిపించనే కనిపించవు. ఫోను సెల్ఫీ కెమెరాతో చూడండి. తెరమీద మెరిస్తే బల్బు బాగానే ఉంది.

సగం పానెల్ ఒక్కసారిగా ఆరిపోయింది

బల్బులు గొలుసు కట్టినట్టు వరసగా ఉంటాయి. ఒకటి తెగితే ఆ వరసంతా ఆరిపోతుంది. ప్లగ్ తీసి, కాసేపాగి, మల్టీమీటర్‌ని డయోడ్ గుర్తు మీద పెట్టి, దాని రెండు మొనలని ఒక్కో బల్బు రెండు కొసలకి తాకించండి. బాగున్నది సన్నగా వెలుగుతుంది, చచ్చినది వెలగదు. చాలావరకు దాని మధ్యలో నల్ల చుక్క కూడా కనిపిస్తుంది. అదే సైజు, అదే రంగు బల్బు వేసి అతికిస్తే సరిపోతుంది. కొందరు ఆ చోటుని సాల్డర్‌తో కలిపేస్తారు. మంచి డ్రైవర్, అంటే బల్బులకి వెళ్ళే కరెంటుని స్థిరంగా ఉంచే పరికరం ఉన్నచోట ఒక్క బల్బుకి అలా చేస్తే నడిచిపోతుంది. చవక బోర్డుల్లో మాత్రం ఆ భారం మిగతా బల్బుల మీద పడి నెలలోపే ఇంకోటి పోతుంది.

అన్నట్టు, వెనక ఉన్న లోహపు పలకకి అయస్కాంతం పెట్టి చూడండి. అతుక్కుంటే అది రేకు, వేడిని బాగా బయటికి లాగే అల్యూమినియం కాదు. బల్బులు మళ్ళీ మళ్ళీ పోవడానికి కారణం అదే.

సాయంత్రం ఏడయ్యేసరికి మసకబారుతోంది, వణుకుతోంది

మా వైపు పల్లెల్లో సాయంత్రం వోల్టేజి బాగా దిగిపోతుంది. మంచి డ్రైవర్ ఆ తేడాని బల్బు దాకా రానివ్వదు. మీన్‌వెల్ కంపెనీ వారి హెచ్‌ఎల్‌జీ రకం డ్రైవర్ మీద 90 నుంచి 305 వోల్టుల దాకా నడుస్తుందని రాసి ఉంటుంది. వోల్టేజి పడగానే మీ లైటు మసకబారిందంటే లోపల అసలు డ్రైవరే లేదని అనుకోవచ్చు. బోర్డు మీదే చిన్న ఐసీ వేసి, మెయిన్ కరెంటు నేరుగా ఎక్కిస్తున్నారు. ఫోను కెమెరా పెడితే తెరమీద నల్ల చారలు కదులుతూ కనిపిస్తాయి. స్టెబిలైజర్ పెడితే మసకబారడం తగ్గుతుంది, వణుకు పోదు. అలాంటి బోర్డుకి రిపేరు ఖర్చు పెట్టకండి.

డ్రైవర్ విడిగా ఉందని సంబరపడిపోకండి, దానిలోనూ నకిలీలు ఉన్నాయి. మీన్‌వెల్ 1982లో మొదలైన తైవాన్ కంపెనీ. దాని అక్షరాలనే అటూ ఇటూ మార్చి, లోగో పోలికలు దించి అమ్ముతుంటారు. అసలు హెచ్‌ఎల్‌జీ డ్రైవర్ లోపలంతా జిగురు పోసి గట్టిపరచి ఉంటుంది కాబట్టి చేతిలోకి తీసుకుంటే బరువు తెలుస్తుంది. ఊపితే గలగలమన్నా, అరచేతిలో తేలిగ్గా అనిపించినా అది కాదు.

ఇంకా గట్టి పరీక్ష భారత ప్రమాణాల సంస్థ నంబర్. మన దేశంలో అమ్మే ఎల్‌ఈడీ డ్రైవర్లకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ప్రమాణం ఐఎస్ 15885, రెండో భాగం, 13వ సెక్షన్. డ్రైవర్ మీద ఇంగ్లిషు ఆర్ అక్షరం, ఒక గీత, ఎనిమిది అంకెలు ఉంటాయి. ఆ సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబర్ కొడితే తయారీదారు పేరు, వస్తువు రకం, బ్రాండ్ వస్తాయి. ఆ మూడూ చేతిలో ఉన్నదానితో సరిపోవాలి. నంబర్ ఉన్నంత మాత్రాన చాలదు. ఒక డ్రైవర్ మీది నంబర్ కొడితే అది మొబైల్ ఛార్జర్‌దని తేలింది.

ముట్టుకుంటే జిల్లుమంటోంది

దయచేసి దీన్ని వాయిదా వేయకండి. నారు ఉన్నచోట తడి ఉంటుంది. కొబ్బరి పొట్టు నీళ్ళు కారుస్తూ ఉంటుంది, చెప్పుల్లేకుండా నిలబడి చేత్తో నీళ్ళు చల్లుతాం. వాట్లు తక్కువైతే నారు పోతుంది, ఇక్కడ తేడా వస్తే మనిషి పోతాడు.

అన్నిటికంటే ప్రమాదం, నేరుగా 220 వోల్టులు ఎక్కించే అరచేతంత చదర చిప్ ప్లేట్లు. మెయిన్ కరెంటుకీ, మీరు ముట్టుకునే అల్యూమినియానికీ మధ్య కాగితమంత పొర ఒక్కటే అడ్డు. వేడికి, తేమకి అది చెడిపోతే పలకంతా ఫేజే. వీటిని నారు దగ్గర అసలు వాడొద్దు, ఎంత చవకగా వచ్చినా సరే.

మిగతా పానెళ్ళకి, లోహపు ఒళ్ళు ఉండి రెండు పిన్నుల ప్లగ్ మాత్రమే ఉంటే ఎర్తు లేదన్నమాట. టెస్టర్ పెడితే వెలుగుతుంది. వెలిగినంత మాత్రాన పానెల్ చెడిపోయిందని కాదు, లోపలి ఫిల్టర్ కెపాసిటర్ నుంచి వచ్చే కాస్త లీకేజీకి కూడా వెలుగుతుంది. మూడు తీగల వైరు వేయించి, ఆకుపచ్చ తీగని పానెల్ లోహపు ఒంటికి స్క్రూతో బిగించి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైన్ కట్ చేసే స్విచ్) ఉన్న లైన్‌కి కలపండి. ఇంటి ఎర్తు సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. ఆ తర్వాత ఆర్‌సీసీబీ నిలిచి, టెస్టర్ వెలగకపోతే లైటు వాడుకోవచ్చు. వేయగానే ఆర్‌సీసీబీ పడిపోతుంటే లోపల ఇన్సులేషన్ చెడింది. దాన్ని ఎవరికీ సగం ధరకి అమ్మకండి, వైరు కత్తిరించి పాతసామాన్లకి వేసేయండి.

కొత్తగా కొనేవాళ్ళు పెట్టె విప్పుతున్నప్పుడే వీడియో తీయండి. అదే రోజు మీటరు పరీక్ష కూడా వీడియోలో పెట్టి, వాపసు అడిగేటప్పుడు పంపండి. "మొక్కలు పెరగలేదు" అంటే అమ్మినవాళ్ళు వినరు. వెయ్యి వాట్లని రాసి 99 వాట్లు ఇచ్చారని కొలిచి చూపిస్తే నేను చూసినంతలో డబ్బులు తిరిగి వచ్చాయి.

నారు వరకే అయితే గ్రో లైటు అన్న పేరున్నదే కొనాలని లేదు. ఊళ్ళో షాపులో బిల్లు, వారంటీతో దొరికే 20 వాట్ల తెల్ల ఎల్‌ఈడీ ట్యూబులు నాలుగు పక్కపక్కన కట్టి, మొక్కల మీద జానెడు ఎత్తున వేలాడదీస్తే నాలుగు ట్రేల మీద దాదాపు పది వేల లక్స్ పడుతుంది. మొక్క పెరిగేకొద్దీ తాడు పైకి లాగాలి. పోయిన వానాకాలం మా పిన్నికి అలాగే కట్టాను. పాత ఊదా పానెల్‌కి ఎర్తు వేసి రెండు ట్రేల మీద ఉంచాం. నలభై రోజులకి రెండు చోట్లా నారు నాటుకి వచ్చింది. ట్యూబుల కిందిదే కాస్త పొట్టిగా, ఆకు ముదురుగా ఉంది. తెల్ల వెలుతురులో ఆకు ముడత మొదటి రోజే కంటపడుతోందని పిన్ని ఈ ఏడాది మొత్తం ట్యూబులే అడిగింది.