కొత్త గ్లో ఇంజన్‌ను తొలిసారి నడిపించి, బ్రేక్ ఇన్ చేసే విధానం

రేడియో కంట్రోల్ విమానాలకు వాడే .46 ఘనపు అంగుళాల పరిమాణపు, అంటే సుమారు 7.5 సీసీల టూ స్ట్రోక్ గ్లో ఇంజన్‌ను (వేడెక్కిన తీగ ఉన్న గ్లో ప్లగ్‌తో మిథనాల్ ఇంధనాన్ని మండించే చిన్న ఇంజన్‌ను) దృష్టిలో పెట్టుకుని ఈ వివరాలు రాస్తున్నాను. కొత్త ఇంజన్ లోపలి భాగాలు ఒకదానికొకటి సర్దుకునేలా మొదట్లో జాగ్రత్తగా నడపడమే బ్రేక్ ఇన్. ఇంజన్‌ను స్టాండుకు బిగించే ముందే దాని లోపల ఉన్నది పిస్టన్‌కు రింగు తొడిగిన ఏర్పాటా, లేక రింగు లేని ఏబీసీ ఏర్పాటా అన్నది ఇంజన్‌తో వచ్చిన సూచనల కరపత్రం చూసి తెలుసుకోవాలి. ఈ రెండింటినీ బ్రేక్ ఇన్ చేసే పద్ధతులు ఒకదానికొకటి విరుద్ధం కాబట్టి, ఇది తెలియకుండా ముందుకు వెళ్లకూడదు.

ఏబీసీ అంటే అల్యూమినియం పిస్టన్, లోపల క్రోమియం పూత ఉన్న ఇత్తడి సిలిండర్. ఈ సిలిండర్ పై భాగాన్ని కావాలనే కాస్త ఇరుకుగా తయారుచేస్తారు. చల్లగా ఉన్నప్పుడు ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పితే పిస్టన్ పైకి చేరేచోట గట్టిగా పట్టేసి, కిర్రుమని వదులుతుంది. వేడెక్కాక ఇత్తడి పిస్టన్ కంటే ఎక్కువగా వ్యాకోచించి ఆ బిగువును సడలిస్తుంది. అందువల్ల ఏబీసీ ఇంజన్‌ను ఇంధనం మరీ ఎక్కువగా ఇస్తూ, చల్లగా, గంటల తరబడి నడిపితే అది మెత్తబడదు. ఇరుకైన చోట పిస్టన్ ఒరుసుకుని అరిగిపోతుంది, కనెక్టింగ్ రాడ్ మీద అనవసరమైన భారం పడుతుంది. పాతకాలపు రింగు ఇంజన్లకు సరిపోయిన ఓర్పు దీనికి హాని చేస్తుంది.

ఇంధనం విషయంలో పొదుపు పనికిరాదు. మిథనాల్‌లో 5 నుంచి 15 శాతం నైట్రోమీథేన్, 18 నుంచి 20 శాతం నూనె ఉండి, ఆ నూనెలో కొంత భాగమైనా ఆముదం అయితే మేలు. సింథటిక్ నూనె తట్టుకోలేని వేడిలో కూడా ఆముదం లోహానికి అంటుకుని కాపాడుతుంది. తలకు రాసుకోవడానికి సువాసన కలిపి అమ్మే ఆముదాన్ని మాత్రం వాడకూడదు. మిథనాల్ విషపదార్థం, చర్మం గుండా కూడా ఒంట్లోకి చేరుతుంది, పైగా ఎండలో దాని మంట కంటికి కనిపించదు. కాబట్టి గాలి ఆడే చోట, చేతికి గ్లవ్స్ వేసుకుని, నిప్పుకు దూరంగా పని చేయాలి.

ఇంజన్‌ను బెంచ్ వైస్‌లో నేరుగా బిగిస్తే క్రాంక్‌కేస్ వంకర పోతుంది. ఇంజన్ పక్కలనున్న బిగింపు చెవుల దగ్గర బోల్టులు వేసి గట్టి చెక్క స్టాండుకు బిగించాలి. ట్యాంకు మధ్య గీత నీడిల్ వాల్వ్ (ఇంధనం పాళ్లను సర్దే మర) ఎత్తులోనో, కాస్త కిందుగానో ఉండాలి. 11×6 ప్రొపెల్లర్ (11 అంగుళాల వ్యాసం, 6 అంగుళాల పిచ్) ఈ పరిమాణానికి బాగా సరిపోతుంది. అది ఎక్కడైనా చిట్లి ఉంటే వాడకండి. నీడిల్‌ను కరపత్రం చెప్పినన్ని చుట్లు తెరిచి, థ్రాటిల్ (వేగాన్ని నియంత్రించే మూత) పూర్తిగా తెరిచి, కార్బురేటర్ నోటికి వేలు అడ్డుపెట్టి ప్రొపెల్లర్‌ను రెండుమూడు సార్లు తిప్పితే పైపులో ఇంధనం నడిచి రావడం కనిపిస్తుంది. ఈ పని ప్లగ్‌కు కరెంటు ఇవ్వకముందే పూర్తి కావాలి. ఆ తరువాత థ్రాటిల్‌ను పావు వంతుకు తగ్గించి, 1.5 వోల్టుల బ్యాటరీని ప్లగ్‌కు తగిలించాలి.

ప్రొపెల్లర్ తిప్పుతుంటే గట్టిగా అడ్డుకుని కదలకపోతే సిలిండర్‌లో ఇంధనం నిండిపోయిందని అర్థం. అప్పుడు స్టార్టర్‌తో బలవంతం చేస్తే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. బ్యాటరీ తీసి, ప్లగ్ విప్పి, గుడ్డ అడ్డుపెట్టి తిప్పి ఖాళీ చేయండి. తిప్పడానికి స్టార్టర్ గానీ, రబ్బరు తొడుగు ఉన్న కర్ర గానీ వాడాలి. వట్టి వేలితో ఎప్పుడూ కాదు. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఏరోమోడలింగ్ నేర్చుకునే క్యాడెట్లకు, ముఖ్యంగా తొలి రోజుల్లో, ఈ ఒక్క నియమం ఖచ్చితంగా చెప్పాలని నా నిశ్చితాభిప్రాయం. ఇంజన్ అంటుకున్నాక ప్రొపెల్లర్ వెనక్కి వచ్చి, అక్కడి నుంచే బ్యాటరీ తీయాలి, నీడిల్ తిప్పాలి. ప్రొపెల్లర్ తిరిగే తలంలో ఎవరినీ నిలబడనివ్వకండి.

ఇక చెవికి పని. ఇంధనం ఎక్కువైనప్పుడు ఈ టూ స్ట్రోక్ ఇంజన్ రెండు తిప్పులకు ఒకసారి మాత్రమే మండి, బరువుగా గరగరలాడుతుంది; నీడిల్ మూసేకొద్దీ ఆ ధ్వని ఒక్కసారిగా సన్నబడి ఎడతెగని రొదగా మారుతుంది. ఏబీసీ ఇంజన్‌ను అంటుకున్న వెంటనే థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ఈ రెండు శబ్దాల మధ్య అటూ ఇటూ ఊగే చోట నిలపాలి. నిమిషం, రెండు నిమిషాలు నడిపి ఆపి, పిస్టన్‌ను కిందికి దించి, చేతికి వేడి తగలనంతగా చల్లారనివ్వాలి. ఇలా వేడెక్కడం, చల్లారడం చాలాసార్లు జరిగితేనే లోహాలు ఒకదానికొకటి సర్దుకుంటాయి. మధ్యలో ఇంధనపు పైపును ఒక్క క్షణం నొక్కి వదలండి: వేగం పెరిగితే మిశ్రమం ఇంకా రిచ్‌గా (ఇంధనం ఎక్కువగా) ఉందని, వెంటనే కుంగితే లీన్ (ఇంధనం తక్కువ) అయిందని తెలుస్తుంది. రింగు ఇంజన్‌కు మాత్రం మొదటి ట్యాంకులన్నీ గరగరలాడే స్థితిలోనే నడిపి, ఆ తరువాత నెమ్మదిగా నీడిల్ మూయాలి.

తొలిసార్లు విమానాన్ని ఎగరేసేటప్పుడూ మిశ్రమం కాస్త రిచ్‌గానే ఉంచండి. గాలిలో ప్రొపెల్లర్ భారం తగ్గి వేగం పెరగడంతో, నేల మీద సరిగ్గా ఉన్న మిశ్రమం లీన్ అవుతుంది. ఎగరడానికి ముందు విమానం ముక్కు పైకెత్తి, ఫుల్ థ్రాటిల్‌లో శబ్దం కుంగకుండా ఉందో లేదో చూడాలి. పని ముగిశాక ట్యాంకు ఖాళీ అయ్యే వరకు నడిపి, ప్లగ్ రంధ్రంలోనూ కార్బురేటర్‌లోనూ ఆఫ్టర్ రన్ ఆయిల్ (తుప్పు పట్టకుండా వేసే నూనె) కొన్ని చుక్కలు వేసి తిప్పి ఉంచాలి. లోపల మిగిలిన మిథనాల్ తేమను పీల్చుకుంటుంది, నైట్రోమీథేన్ అవశేషాలు బేరింగులను తుప్పు పట్టిస్తాయి.