ఇంటింటి సర్వేకి వెళ్లే ముందు

ఎంపీహెచ్‌లో, అంటే ప్రజారోగ్యం పీజీలో చేరిన కొత్తలో స్టాటిస్టిక్స్ అంటేనే టెన్షన్. అసలు కష్టం ఊళ్లో ఎదురైంది. ఖమ్మం దగ్గర ఒక పల్లెలో మొదటి గడప దగ్గరే, "గత రెండు వారాల్లో బాబుకి అతిసారం వచ్చిందా?" అని కాగితం చూసి చదివాను. ఆ తల్లి, "అంటే ఏందమ్మా?" అంది. నీళ్ల విరేచనాలనగానే గడగడా చెప్పింది.

అందుకే మీ ప్రశ్నలన్నీ ముందు అమ్మకో, పక్కింటి పిన్నికో చదివి వినిపించండి. వాళ్లు ఆగి ఆలోచించిన చోటల్లా మాట మార్చండి. తేదీలు అడగొద్దు. "వినాయక చవితికి ముందా, తర్వాతా?" అంటే లెక్క తేలుతుంది.

ఊళ్లోకి ఆశా కార్యకర్తతో వెళ్లండి, తలుపులు తెరుచుకుంటాయి. బుధ, శనివారాలు మాత్రం వద్దు, ఆమెకు టీకాల పని. ఇంకో చిక్కుంది: ఆమె పక్కనే ఉంటే ఆమె పని గురించి నిజం ఎవరూ చెప్పరు. పరిచయం అయ్యాక పంపించేయండి. అత్త ఎదురుగా కోడలిని కాన్పుల సంగతి అడగడం కూడా దండగే. పత్తి తీసే రోజుల్లో మధ్యాహ్నం వెళ్తే తాళాలే కనిపిస్తాయి.

నోట్సు ఆ రాత్రే రాయండి. రిపోర్టు రాసేటప్పుడు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మీ జిల్లా ఫ్యాక్ట్‌షీట్ (ముఖ్యమైన అంకెల పట్టిక) పక్కన పెట్టుకోండి, ఉచితంగానే దొరుకుతుంది. అంతేగానీ ముప్పై ఇళ్లు తిరిగి జిల్లా అంతా ఇలాగే ఉందని రాయకండి. నేను రాశాను, వైవాలో చెమటలు పట్టాయి.